నడుము తిరుగవలెను, జరుగరాదు

గాల్ఫు ఆటను దూరమునుండి చూచువారు అది చేతుల పనియే యని తలంతురు. క్లబ్బు అను కఱ్ఱను పట్టునవి చేతులే. బంతిని కొట్టినట్లు కన్పట్టునవియు చేతులే. కాని కొన్ని సంవత్సరములుగా నీ ఆటను ఆడుచు, ఇతరులు ఆడగా చూచుచు నుండుటచే నాకు దోచినదేమనగా, చేతులలో కనబడు దోషము పెక్కుమారులు పాదములయొద్దను, తుంటియొద్దను పుట్టుచున్నది.

విశాఖపట్టణపు మైదానమున నాతో నాడు మిత్రుడొకడు బంతిని సూటిగా పంపలేక దినమున కొకరీతిగా చేతిపట్టును మార్చుచుండెను. ఆట ముగియుసరికి నడుమునొప్పి. ఇక ఆటయే మానెదనని నిశ్చయించుకొనెను. అంతట నేనతని చేతులను విడిచి దేహముయొక్క క్రిందిభాగమును గమనించితిని. అతడు కుడిచేతివాటమువాడు. కఱ్ఱ నెత్తునపుడు తుంటి తిరుగుటకు బదులు కుడిప్రక్కకు జరుగుచుండెను. దించునపుడు బంతివైపునకు ముందుకు వచ్చి, వంగియుండవలసిన వెన్ను నిటారగుచుండెను.

మన యిండ్లలోని తిరుగలిని చూడుడు. పైరాయి నడిమి మేకును విడువకుండ తిరిగినగాని పిండి రాదు. ఈ ఆటయందు దేహముయొక్క ధర్మమును అట్టిదే. కఱ్ఱ నెత్తునపుడు భుజములు సుమారు 90 డిగ్రీలును, తుంటి అందులో సగమును తిరుగుట సామాన్య నియమము. బరువు కుడిపాదపు లోపలియంచున నిలువవలెను. వెలుపలియంచునకు పోయెనా, మరల ఎడమకాలిపైకి వచ్చుట కష్టము. దించునపుడు ముందుగా మరలవలసినది తుంటి. పిమ్మట భుజములు, చేతులు, తుదకు కఱ్ఱ.

నా మిత్రునకు గోడను గురువుగా చూపితిని. పిరుదులు గోడకు తగులునట్లు కొంచెము వంగి నిలిచి, చేతులను ఱొమ్మున కట్టుకొని తిరుగవలెను. వెనుకకు తిరుగునపుడు కుడిపిరుదును, ముందుకు తిరుగునపుడు ఎడమపిరుదును గోడను అంటియుండవలెను. రెండును విడిచినచో వెన్ను లేచినదని తెలియును. కుడితుంటికి వెలుపల నొక కోలను నేలలో నిలిపినచో ప్రక్కకు జరుగుటయు వెంటనే బయటపడును. కొన్ని వారములకు అతని బంతి దారికి వచ్చెను, నడుమునొప్పియు తగ్గెను. అతడు నేటికిని ఆడుచున్నాడు.

అమెరికా దేశపు ఆటగాడగు బెన్ హోగన్ 1949 లో మోటారు ప్రమాదమున కటియెముక విఱిగి, మరల నడచుటయే సందేహమైన స్థితికి వచ్చెను. అట్టివాడు 1950 లో యునైటెడ్ స్టేట్సు ఓపెన్ పోటీని గెలిచెను. కఱ్ఱను దించు చలనము తుంటి మరలుటతోనే మొదలుకావలెనని 1957 లో వెలువడిన తన గ్రంథమున ఆయన బోధించెను. విఱిగిన నడుమును మరల సాధించుకొన్నవాని మాట గావున అది నాకు మిగుల విలువైనదిగా తోచుచుండును.

విద్యార్థులారా, ఈ సాధనకు గాల్ఫు కఱ్ఱయైనను అక్కఱలేదు, గోడ చాలును. ముందుగా దానియొద్ద పది నిమిషములు నిలిచి తిరుగుట నేర్వుడు. బంతి యెటు పోవునో పిమ్మట చూడవచ్చును.