రుక్మిణి నడచిన త్రోవ

ఈ సంవత్సరము మా కళాశాలలో కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము పాఠ్యగ్రంథముగా నుండెను. 1878లో వివేకవర్ధని పత్రికలో వెలువడసాగి, 1880లో పుస్తకరూపమును దాల్చిన యీ నవలకు, ఆంగ్లకవి గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన వేక్‌ఫీల్డు మతాచార్యుని కథ ప్రేరణమని మా యధ్యాపకురాలు చెప్పిరి. ధవళేశ్వర నివాసియగు రాజశేఖరుడు ముఖస్తుతులకు లోబడియు, బంగారము చేసెదనన్న బైరాగిని నమ్మియు సర్వమును గోలుపోయి, కుటుంబముతో నిడుమలు పడి, కడకు సుఖపడుట యందలి కథ. మూఢవిశ్వాసముల ఖండనమే గ్రంథకర్త యుద్దేశమని మేమందఱమును వ్రాసికొంటిమి.

నాకు మాత్రము రాజశేఖరునికంటె నాతని పెద్దకూతురు రుక్మిణిపైననే మనసు నిలిచినది. ఆమె భర్త దేశాంతరమున మరణించెనని వార్త వచ్చును. ఆ దుఃఖముతో తల్లిదండ్రుల వెంట ప్రయాణము చేయుచుండగా దొంగలు పడుదురు. దెబ్బతిని పడిన యామెను చనిపోయినదని తలచి తనవారే విడిచి పోవుదురు. తెలివి వచ్చిన పిమ్మట రుక్మిణి పురుషవేషము ధరించి యొంటరిగా త్రోవ నడచును. కడపట మరణవార్త యబద్ధమని తేలి భర్త తిరిగివచ్చును.

"ఆతడు నిజముగా మరణించియుండినచో రుక్మిణి గతి యేమి?" అని నేను తరగతిలో నడిగితిని. కథలో లేనిదానిని పరీక్షలో నడుగరని యధ్యాపకురాలు నవ్విరి. అందఱును నవ్విరి.

మా నాయనమ్మకు చూపు మందగించినందున రాత్రివేళ నేనామెకు పుస్తకములు చదివి వినిపించుచుందును. ఆమె తన యిరువదిరెండవ యేట భర్తను గోలుపోయి, చంటిబిడ్డడగు మా నాన్నగారిని పెంచి పెద్దవానిని జేసినది. రుక్మిణి భర్త తిరిగివచ్చిన ఘట్టమును చదివి ముగించితిని. ఆమె చాలసేపు మాటాడలేదు.

"పుస్తకములో గనుక వచ్చినాడు, తల్లీ" అని మెల్లగా ననెను. "మీ తాతగారు పోయిన యేడాదంతయు వీధితలుపు చప్పుడైనప్పుడెల్ల నేను లేచి చూచెడిదానను. ఎవ్వరికిని చెప్పలేదు."

ఆ మాట మా నాన్నగారికిని తెలియదు.

సోదరీమణులారా, ఆ రాత్రినుండి నాకీ నవల వేఱుగా తోచుచున్నది. వితంతువులు వివాహమాడవచ్చునని 1856లోనే చట్టము వచ్చియుండెను. అయినను కథలో రుక్మిణికి సుఖమొసగుటకు గ్రంథకర్తకు భర్తను బ్రతికించుటకంటె వేఱు మార్గము కానరాలేదు. ఆమె యొంటరిగా నడచుటకైనను, చనిపోయినదని లోకము నమ్మవలెను. ఆడుదాని వేషమును విడువవలెను. విధవయైన యాడుకూతురికి నాడు త్రోవ లేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

పంతులుగారిని పిరికివారందునా? అనజాలను. ఆ పిమ్మట 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తమ యింటనే తొలి వితంతువివాహమును జరిపించినది వారే. వంటవారును, నీళ్లు తెచ్చువారును మానివేయగా, భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే వండి, గోదావరినుండి నీళ్లు మోసిరి. నవలలో చెప్పలేకపోయిన సమాధానమును ఆ దంపతులు బ్రతుకులో చెప్పిరని నా యూహ. ఆ సమాధానములో సగము ఆ తల్లి బిందెలోనిదే.

పరీక్షలో నేనిట్లే వ్రాసితిని. మార్కులెన్ని వచ్చునో యెఱుగను. నాయనమ్మ మాత్రము, "ఆ పిల్ల ఒక్కతెయు నడచిన భాగమును మరల చదువుము" అని యడుగుచున్నది. నేటి రాత్రికి మూడవమారు చదువవలెను.