వెనకాల ఉండే బోర్డు

ఈ పేజీ మీ ఫోన్‌కి చేరే దారిలో ఎక్కడో ఒకచోట, ఏసీ హోరు తప్ప ఇంకేం వినపడని గదిలో, ఓ పెద్ద రౌటర్‌ని దాటి వచ్చి ఉంటుంది. పెద్ద రౌటర్ అంటే మనింట్లో గోడకి వేలాడే కొమ్ముల డబ్బా కాదు. ఇనప బీరువాలో నోటుబుక్కులు నిలబెట్టినట్టు అందులో కార్డులు వరసగా ఉంటాయి. ముందు వైపు బోలెడు లైట్లు, కేబుళ్లు. కానీ ఆ కార్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది వెనక వైపు. అక్కడ ఓ మందపాటి బోర్డు నిలువుగా బిగించి ఉంటుంది. కార్డుని లోపలికి తోస్తే వెళ్లి దాంట్లోనే గుచ్చుకుంటుంది. దాని పేరు బ్యాక్‌ప్లేన్.

ఈసీఈలో బీటెక్ చేశాను, నాలుగేళ్లలో ఈ పేరు ఒక్కసారి కూడా వినలేదు. ఇప్పుడు నా ఉద్యోగమే దాని మీద. ఏ స్లాటులో ఏ కార్డు ఉంది, బతికుందా, వేడెక్కిందా అని కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్ రాస్తాను.

మొదట్లో నాకు అర్థం కానిది ఒకటే. అంత ఖరీదైన పెట్టెలో అన్నిటినీ కలిపే బోర్డు మీద ప్రాసెసర్ లేదు, మెమరీ లేదు. కనెక్టర్లు, పొరల మధ్య రాగి గీతలు, అంతే. ఇదేంటి, ఇంత తెలివితక్కువగా చేశారు అనుకున్నాను. కావాలనే అలా చేస్తారు. కార్డు పాడైతే పెట్టె నడుస్తుండగానే పీకేసి ఇంకోటి పెట్టొచ్చు. రెండు నిమిషాల పని. బ్యాక్‌ప్లేన్ పాడైతే మాత్రం పెట్టె మొత్తం ఆపి, కార్డులన్నీ బయటికి తీయాలి. అందుకే దాని మీద పాడయ్యే వస్తువులు వీలైనంత తక్కువ పెడతారు.

అలాగని అది ఉత్త తీగల కట్ట కాదు. నడుస్తుండగా కార్డు మార్చడం ఎలా కుదురుతుందో చూడండి. పిన్నులన్నీ ఒకే పొడుగు ఉండవు. పొడుగు పిన్నులు ముందు తగులుతాయి, అవి గ్రౌండ్. తర్వాత కరెంటు. అన్నిటికంటే పొట్టి పిన్ను ఆఖర్న తగిలి ‘కార్డు పూర్తిగా కూర్చుంది’ అని చెబుతుంది. పీకేటప్పుడు ముందు విడిపోయేది అదే. చిప్ లేదు, కోడ్ లేదు. ఒక మిల్లీమీటరో రెండో తేడాతో పని అయిపోయింది. కోడ్ రాసి బతికేవాడిగా నాకు కాస్త అసూయే.

వేగం సంగతి ఇంకా గమ్మత్తు. ఒక జంట గీతల మీద సెకనుకి 25 గిగాబిట్లు పంపితే ఒక్కో బిట్‌కి దక్కేది 40 పికోసెకన్లు. సెకనుని లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో 40 అన్నమాట. బోర్డులో సిగ్నల్ ఆ టైములో పోయే దూరం సుమారు 6 మిల్లీమీటర్లు. అంటే అరమీటరు బ్యాక్‌ప్లేన్ మీద ఏ క్షణాన చూసినా ఎనభై బిట్లు దారిలోనే ఉంటాయి. ఇంత వేగంలో పిన్ను దిగే రంధ్రం అడుగున మిగిలిపోయిన రాగి తోక కూడా సిగ్నల్‌ని వెనక్కి కొట్టి పాడుచేస్తుంది. అందుకని వెనక నుంచి మళ్లీ డ్రిల్లు వేసి ఆ తోకని తీసేస్తారు.

నా సాఫ్ట్‌వేర్‌కి అన్నిటికంటే కావాల్సింది స్లాటు నంబరు. బస్టాండులో ప్లాట్‌ఫాం నంబరు బస్సు మీద ఉండదు, స్తంభం మీద ఉంటుంది కదా. ఇక్కడా అంతే. తను ఎక్కడుందో కార్డుకి తెలీదు, స్లాటే చెప్పాలి. ప్రతి స్లాటులో కొన్ని పిన్నులు అందుకే ఉంటాయి. మా పెట్టెలో పిన్నుని గ్రౌండ్‌కి కలిపితే 0, వదిలేస్తే 1.

కిందటేడు వానాకాలంలో ఒక కస్టమర్ దగ్గర ఐదో స్లాటు కార్డు మార్చాక ‘నేను ఏడులో ఉన్నాను’ అనడం మొదలెట్టింది. ఏడులో అప్పటికే ఒకటుంది. రెండు ఏడులెక్కడివని నా సాఫ్ట్‌వేర్ కొత్తదాన్ని పక్కన పెట్టేసింది. మూడు ఊళ్లలో వాళ్ల ఆఫీసులు ఆ పెట్టె మీదే నడుస్తున్నాయి. అందరి చూపూ నా మీదే. సాఫ్ట్‌వేర్ బగ్ అని మెయిల్ కూడా వెళ్లిపోయింది.

నేను కాగితం మీద రాసుకున్నాను. ఐదంటే 101. మధ్య పిన్ను గ్రౌండ్‌కి తగలకపోతే అది 111. అంటే ఏడు.

కస్టమర్ మేనేజర్‌కి తొందర. “మూడో స్లాటు కార్డు బానే ఉంది కదండీ, తీసి ఇందులో పెట్టి చూద్దాం” అని చెయ్యి కూడా వేశారు. మా టెక్నీషియన్ అన్న టార్చి స్లాటు లోపలికి కొట్టి, “ఆగుండ్రి సార్” అన్నాడు. నన్ను పిలిచి చూపించాడు. అగ్గిపుల్ల కంటే సన్నటి పిన్ను పక్కకి ఒరిగి ఉంది.

“పిన్ను వంగింది తమ్ముడూ. ఇండ్ల ఏ కార్డు పెట్టినా దాని మూతి ఖరాబైతది. మళ్ల ఆ కార్డును తీస్కపోయి ఇంకో స్లాట్ల పెడితే గదీ పాయె.”

జబ్బు అంటించినట్టే. పనిచేసే కార్డే మిగతా స్లాట్లనీ చెడగొట్టుకుంటూ పోతుంది. పిన్నుని పట్టకారుతో సరిచేద్దామంటే విరిగి లోపలే ఉండిపోతుందని ఆయన ఒప్పుకోలేదు. మేనేజర్ గారు ఫోన్ పట్టుకుని అరగంట అటూ ఇటూ తిరిగారు. చివరికి ఐదో స్లాటుకి ఖాళీ రేకు బిగించాం. రేకు లేకపోతే ఫ్యాన్ల గాలంతా ఆ సందులోంచే పోయి పక్క కార్డులు వేడెక్కుతాయి. ఐదో కార్డు చేసే పనిని మిగతా వాటి మీద సర్దాను.

కొత్త బ్యాక్‌ప్లేన్ రావడానికి పన్నెండు రోజులు పట్టింది. శనివారం రాత్రి ఒంటిగంటకి పెట్టె ఆపాం. ఒక్కో కార్డు మీద నంబరు స్టిక్కర్ అంటించి బయటికి తీశాం. ఒక్కో కార్డు మూతినీ అన్న టార్చి వేసి చూశాడు. మొదట వంగిన పిన్ను మీద గుచ్చుకున్న ఐదో కార్డుని విడిగా కవర్లో పెట్టి, దాని మీద మార్కర్‌తో పెద్ద ఇంటూ గీశాడు. మూడున్నరకి స్లాట్లన్నీ వరసగా నంబర్లు చెప్పాయి. ఐదులో పెట్టిన కొత్త కార్డు ఐదే అంది.

సాఫ్ట్‌వేర్ బగ్ కాదని ఇంకో మెయిల్ ఎవరూ పెట్టలేదు. నేనే పెట్టాను, పిన్ను ఫొటోతో సహా.