లాబ్రడారా, మన నాటు కుక్కా?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ఒక కుక్కపిల్ల గురించి ఇంత రాయాలా అనుకుంటారేమో. మా ఇంట్లో మొన్న సంక్రాంతి సెలవులు మొత్తం దీని మీదే గడిచాయి.

మేం అంటే అన్నాచెల్లెళ్లం. ఒకరం వైజాగ్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో ఏడు, ఒకరం ఆశ్రమ పాఠశాలలో పది. ఊరు చింతపల్లి వైపు కొండ మీద. మా నల్లోడు తొమ్మిదేళ్లు మాతో ఉండి, రాజ్మా కాపుకొచ్చిన రోజుల్లో అడవి పంది కోర తగిలి చచ్చిపోయాడు. ఆ మాట అమ్మ ఫోన్లో చెప్పింది. సిగ్నల్ కోసం గుట్టెక్కి మాట్లాడుతుంది కాబట్టి ఎక్కువ చెప్పలేదు. మేమూ ఎక్కువ అడగలేదు. కొత్త పిల్లని తేవాలని మాత్రం అప్పుడే అనుకున్నాం.

కాలేజీ ఫ్రెండ్ వాళ్లింట్లో లాబ్రడార్ పిల్లలు పెట్టింది. బయట అడిగితే ఎక్కువ చెప్తారు, మనకైతే మూడు వేలు అన్నాడు. ఆదివారాలు కేటరింగ్‌కి వెళ్లి దాచుకున్నది సరిగ్గా అంతే ఉంది. తేనె రంగు పిల్ల. ఫోటో చూసిన దగ్గర్నుంచి మాకు వేరే ఆలోచన లేదు. అదే సమయంలో మా పెద్దమ్మ వాళ్ల కుక్క కూడా పిల్లల్ని పెట్టింది. అది నాటు కుక్క, గోధుమ రంగు, నిలబడిన చెవులు, చుట్ట తిరిగిన తోక. ఒక పిల్లని మనకి ఉంచింది అని అమ్మ అంటే, "ఊరకుక్క ఎందుకమ్మా" అనేశాం. మా భాషనీ మా తిండినీ ఎవరైనా అలా తీసిపారేస్తే హాస్టల్లో గొడవకి వెళ్లేది మేమే. ఆ మాట అన్నప్పుడు అది గుర్తు రాలేదు.

పండక్కి ఇంటికెళ్లాక నోట్‌బుక్‌లో గీత గీసి అటు లాబ్రడార్, ఇటు నాటు అని రాయడం మొదలుపెట్టాం. నిజాయితీగా చెప్పాలంటే లాబ్రడార్ వైపు మంచి మార్కులే పడ్డాయి. తెలివైంది, చెప్పింది తొందరగా నేర్చుకుంటుంది, పిల్లల్తో నెమ్మదిగా ఉంటుంది. దాని పూర్వీకులు కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ తీరంలో చేపలు పట్టేవాళ్లతో ఉండి, వలలు లాగడానికి, జారిపోయిన చేపల్ని పట్టుకురావడానికి పనికొచ్చేవి. తర్వాత ఇంగ్లండులో వేటగాళ్లు కొట్టిన పక్షుల్ని నోటితో నలగకుండా తెచ్చేలా పెంచారు. రెండు పొరల బొచ్చు ఉంటుంది కాబట్టి మా లంబసింగి చలి దానికి లెక్క కాదు.

నాన్న అంతా విని ఒకటే అడిగాడు. "కొత్తోడు వస్తే ఏటి చేస్తాది?"

తోక ఊపుతుంది. దాని స్వభావమే అది, అందరితో స్నేహం. చల్లని నీళ్లలో చేప కోసం దూకేలా తయారైన కుక్క. మాకు కావాల్సింది పోడులో రాత్రిపూట మంచె కింద పడుకుని, పంది వాసన తగలగానే మొరిగే కుక్క. నల్లోడు ఒకసారి అలా మొరగబట్టే ఎలుగుబంటి ఉందని తెలిసి నాన్న మంచె దిగకుండా ఆగాడు.

అమ్మది తిండి గొడవ. "ఏటి తింటాదిరా అది?" పెద్దయ్యాక లాబ్రడార్ 25 నుంచి 36 కిలోలు ఉంటుంది. పైగా 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు, సుమారు నాలుగో వంతు లాబ్రడార్లలో ఒక జన్యువులో చిన్న ముక్క లేదనీ, ఆకలి ఎక్కువవడానికీ లావెక్కడానికీ దాంతో సంబంధం ఉందనీ తేల్చారు. అది చదివి చెప్తే అమ్మ నవ్వింది. "ఆకలి జబ్బా? మనింట్లో అందరికీ ఉన్నదే గదా." నల్లోడు మాత్రం మాతోపాటు చోడి అంబలి తాగి బతికాడు.

అయినా మాకు మనసు మారలేదు. మారింది భోగి ముందు రాత్రి. నాన్నతో పోడుకి వెళ్తే మంచె కింద పాత గోనె పరిచి ఉంది, పక్కనే రేకు డబ్బా, కర్ర. నల్లోడు పడుకునే చోటు అది. ఇదెవరిదని అడిగితే నాన్న కాసేపు మాట్లాడలేదు. "మీ అమ్మది. ఆడు పోయిన కాణ్ణించి రాజ్మా కోసీదాకా నాకు తోడు ఇక్కడే కూకుంది. డబ్బా కొట్టీది."

రెండు నెలలు అమ్మ కుక్క చేసే కాపలా చేసింది. ఫోన్లో మాకు చెప్పలేదు. మేం ఇక్కడ పిల్ల రంగు గురించి మాట్లాడుకుంటున్నాం. సెలవులయ్యాక మేమిద్దరం వెళ్లిపోతాం, కుక్క ఉండేది వాళ్లతో. నోట్‌బుక్‌లో ఆ వరస మేం రాయనే లేదు.

పెద్దమ్మ దగ్గర పిల్లని తెచ్చుకున్నాం. డబ్బు తీసుకోలేదు, ఒక కుంచం చోళ్లు ఇచ్చాం. రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచింది, అది మంచిదే. తల్లి కూడా పోడు కాసే కుక్కే. దాచిన డబ్బుల్లో నాన్నకి తలకి కట్టుకునే లైటు, పిల్లకి పార్వో టీకా అయ్యాయి. మూడు నెలలకి రేబిస్ టీకా కూడా వేయించాం.

లాబ్రడార్ చెడ్డదని చెప్పడం లేదు. ఆ పిల్ల ఇప్పుడు వైజాగ్‌లో ఒక ఇంట్లో హాయిగా ఉంది, ఫ్రెండ్ ఫోటోలు పంపుతుంటాడు. పేరున్న జాతే కావాలంటే మన రాష్ట్రంలోనే కర్నూలు జిల్లా పందికోన కుక్కలున్నాయి, కోస్తాలో జోనంగి ఉంది. ఏదైనా సరే, తెచ్చే ముందు అది ఎవరి దగ్గర ఉంటుందో, ఏం పని చేస్తుందో, ఏం తింటుందో అడగండి. నాటుదైనా టీకా మానొద్దు. ఏటా జూలై 6న జూనోసిస్ దినం నాడు పశువైద్యశాలల్లో కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, ఊళ్లో అందరికీ చెప్పండి.

మొన్న అమ్మ గుట్టెక్కి ఫోన్ చేసింది. మధ్యలో సన్నగా మొరుగు వినిపించింది. "నా ఎనకాలే వచ్చేసింది, దిగమంటే దిగదు" అంది. దానికింకా పేరు పెట్టలేదు. అమ్మనే పెట్టమన్నాం.