పక్క సీటు కథలు

హైదరాబాద్‌లో మనుషులు మనసు విప్పేది ఎంఎంటీఎస్‌లోనే అని నా గట్టి నమ్మకం. 2003లో మొదలైన ఈ రైలు లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా పోయేలోపు ఎన్ని జీవితాలు వింటుందో!

మొన్న బేగంపేట దాటాక పక్కనున్న పెద్దమ్మ, ఒళ్లో సంచి పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే చెప్పింది. భర్త పోయిన ఏడాదే అప్పు చేసి కుట్టుమిషన్ కొన్నదట. తొలి సంపాదనతో తన పేరున బ్యాంకు ఖాతా తెరిచిందట. "సంతకం పెడుతుంటే చెయ్యి వణికింది బిడ్డా" అంది. ఇంట్లో ఎవరికీ ఈ ముచ్చట చెప్పలేదట, నాకెందుకు చెప్పిందో మరి. బహుశా నేను సలహా ఇవ్వను కాబట్టేమో. సీతాఫల్‌మండిలో దిగిపోయింది.

ఈసారి రైలెక్కితే రెండు స్టేషన్లయినా ఇయర్‌ఫోన్లు తీసి కూర్చోండి.