లేసు అల్లికలో మహిమ లేదు, లెక్క ఉంది

బాబా గాల్లోంచి విభూది తీస్తే "ముందు చెయ్యి చూపించు" అంటాం. "ఇంట్లో కూర్చుని క్రోషా అల్లండి, నెలకు ఇరవై వేలు సంపాదించండి" అని ఎవరైనా అంటే మాత్రం ఆ మాట మనలో చాలామందికి నోట రాదు. రెండూ రుజువు అడగాల్సిన మాటలే.

మా తమ్ముడి భార్యది నరసాపురం. పెళ్ళయ్యాక మధ్య అండమాన్‌లోని మా రంగత్‌కు వచ్చింది. లేసు పని చిన్నప్పటినుంచీ వచ్చు. ఆరు వేలు డిపాజిట్ కడితే నూలు పంపుతామనీ, అల్లినవన్నీ తామే కొంటామనీ ఒక సంస్థవాళ్ళు ఫోన్లో చెప్పారు. కట్టింది. నెల రోజులు అల్లి పంపితే "నాణ్యత లేదు" అని తిప్పి పంపారు. డిపాజిట్ తిరిగి రాలేదు. వాళ్ళ లాభం లేసు మీద కాదు, డిపాజిట్ల మీద. పని ఇచ్చేవాడు డబ్బు ఇవ్వాలి గాని పుచ్చుకోకూడదు. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే ఇలాంటి మోసాలు చాలా వరకు అక్కడే ఆగిపోతాయి.

మోసం లేనిచోట కూడా లెక్క తప్పుతుంది. నరసాపురం చరిత్రే సాక్ష్యం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతంలో నేర్పిన ఈ పని తర్వాత పెద్ద ఎగుమతి వ్యాపారమైంది. పూలు అల్లేది ఒకరు, అతుకుపని ఇంకొకరు, మధ్యలో ఏజెంటు, పైన ఎగుమతిదారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడ పరిశీలన చేసి 1982లో పుస్తకం ప్రచురించారు. ఆమె తేల్చింది ఏమిటంటే, అల్లేవాళ్ళను శ్రామికులుగా కాక, తీరిక వేళల్లో ఏదో చేసుకునే గృహిణులుగా చూశారు. ఆ ఒక్క మాట అడ్డుపెట్టుకునే కూలి అంత తక్కువగా ఉంచగలిగారు. దేవుడి పేరు చెప్పకుండా కూడా మూఢనమ్మకాన్ని నిలబెట్టవచ్చు. "తీరిక పని" అలాంటిదే.

మేము చేసిందల్లా గడియారం పెట్టి కాగితం మీద రాయడం. ఒక టేబుల్ మ్యాట్‌కు ఏడు గంటలు పట్టింది. నూలు 60 రూపాయలు, పార్సిల్ 45. అమ్మిన ధర 350. మిగిలింది 245, అంటే గంటకు 35. ఎనిమిది గంటలు అల్లినా 280. ఇక్కడ కూలికి వెళ్ళినా ఇంతకు రెట్టింపు పైనే వస్తుంది. అదే తాళంచెవికి తగిలించే చిన్న తాబేలు గంటలో అవుతుంది. నూలు 15, ధర 120. పర్యాటకులే చేతికి తీసుకుంటారు కనుక పార్సిల్ ఖర్చు లేదు. తాబేళ్ళు గుడ్లు పెట్టే కట్‌బర్ట్ బే దగ్గరే కాబట్టి అడిగేవాళ్ళూ ఉన్నారు. పర్యాటకులు లేని వానాకాలం మాత్రం సున్నా. ఆ సున్నాను కూడా లెక్కలో వేసుకోవాలి.

తాబేలు తర్వాత ఎక్కువ అడిగేది కారులో కట్టుకునే నూలు నిమ్మకాయ, మిరపకాయలు. నేను వద్దన్నాను.

"బావగారూ, దిష్టి లేదని మీరే అంటారు. లేనిదానికి ఇది పనిచెయ్యదని నాకూ తెలుసు. గంటకు తొంభై వస్తుంటే ఎందుకు వదులుకోవాలి?" అంది.

న్యాయమైన ప్రశ్నే. దిష్టి తగలదని చెప్పి అమ్మితే విభూది అమ్మినట్టే అన్నాను. చీటీ మీద "నూలు బొమ్మ" అని మాత్రమే రాస్తోంది. కొనేవాళ్ళు ఎందుకు కొంటున్నారో మా ఇద్దరికీ తెలుసు. నా మనసు ఇంకా ఒప్పుకోలేదు. కష్టం ఆమెది, నిర్ణయమూ ఆమెదే.

నరసాపురం క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెడితే ధర పెరుగుతుందని కొందరు సలహా ఇచ్చారు. రంగత్‌లో అల్లింది నరసాపురం లేసు కాదు, అల్లిన మనిషి అక్కడ పుట్టినా సరే. ఆమె ఆ పేరు వాడదు. ఇంకో సంగతి. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది గాని కూలిని కాపాడదు.

నిజమైన క్రోషాను వ్యాపార స్థాయిలో అల్లే యంత్రం ఇంకా రాలేదు. కాబట్టి దుకాణంలో క్రోషా చవగ్గా దొరికితే యంత్రం పుణ్యం అనుకోకండి. ఎక్కడో ఒకరి గంటలు చవగ్గా పోయాయన్నమాట. కొనేటప్పుడు "ఎన్ని గంటలు పట్టింది?" అని అడగండి. అమ్మేవాళ్ళు ముందు తమను తాము అడగండి.