గ్యారంటీ కార్డు

బహ్రెయిన్ నుంచి మనవాళ్ళు ఇంటికి బయల్దేరుతున్నారంటే, బంగారం తర్వాత గుర్తొచ్చేది వాచీయే. మా నాన్నగారికి మాత్రం ఫారిన్ వాచీల మోజు ఎన్నడూ లేదు. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో మొదలైన హెచ్.ఎం.టి. వాచీయే ఆయన చేతికి. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నది. రోజూ కాఫీ తాగగానే దానికి కీ ఇచ్చుకునేవారు. ఆయన 75వ ఏట ఓ మంచి స్విస్ వాచీ తొడగాలని నాకు కోరిక పుట్టింది.

సీఫ్‌లోని ఆథరైజ్డ్ డీలరు 240 దినార్లన్నాడు. అదే మోడలు బాబ్ అల్ బహ్రెయిన్ వెనక, సూక్‌లోని ఓ చిన్న కొట్లో 165. దినారంటే రెండున్నర డాలర్ల పైమాటే కదా, మనసు అటే లాగింది. "డూప్లికేటు కాదు సార్, కంపెనీదే" అన్నాడు కొట్టువాడు. నిజమే. గ్రే మార్కెట్ సరుకు నకిలీది కాదు. ఎక్కడో ఓ డీలరు దగ్గర అమ్ముడుపోకుండా మిగిలినది చేతులు మారి ఇక్కడికి చేరుతుంది. అయితే డీలరు ముద్ర, అమ్మిన తేదీ ఉన్న కార్డుకే కంపెనీ గ్యారంటీ. నా కార్డులో ఆ గడి ఖాళీ. కొట్టువాడు తన రసీదు మీద ఒక ఏడాది అని రాసిచ్చాడు. 75 దినార్లు మిగిలాయి కదా అని సంబరపడ్డాను.

రాజమండ్రి వెళ్ళి నాన్నగారి ఎడమచేతికి నేనే తొడిగాను. ఎనిమిది నెలలు తిరక్కుండానే అమ్మ ఫోన్లో గొంతు తగ్గించి, "ఆ వాచీ మాటిమాటికీ ఆగిపోతోందిరా. నువ్వు బాధపడతావని చెప్పొద్దన్నారు" అంది.

నాకు తల కొట్టేసినట్లయింది. కొట్టువాడి మీద విరుచుకుపడ్డాను. "వాచీ తెండి సార్, చూస్తాను" అన్నాడతను నెమ్మదిగా. వాచీ రాజమండ్రిలో ఉంటే ఎలా తేను? తమ్ముడు దాన్ని హైదరాబాదులో కంపెనీ సర్వీసు సెంటరుకు పట్టుకెళ్ళాడు. కార్డు చూసి గ్యారంటీ చెల్లదన్నారు. డబ్బు కట్టి పరీక్ష చేయించాం.

వాచీలో ఏ లోపమూ లేదు. ఆటోమేటిక్ వాచీకి కీ అక్కర్లేదు. చెయ్యి కదిలినప్పుడల్లా లోపలి బరువు తిరిగి స్ప్రింగును చుడుతుంది. పూర్తిగా చుట్టుకుంటే సుమారు 40 గంటలు నడుస్తుంది. "పెట్టుకునేవారు చెయ్యి బాగా కదుపుతారాండీ?" అని అడిగాట్ట ఆ మెకానిక్.

నేను డాక్టర్ని. ఆ ప్రశ్న వినగానే గుండె జారింది. వీడియో కాల్ చేసి, నాన్నగార్ని హాల్లో అటూ ఇటూ నడవమన్నాను. కుడిచెయ్యి ఊగుతోంది. ఎడమచెయ్యి ఒంటికి అతుక్కుపోయినట్లుంది. పార్కిన్సన్ వ్యాధి తొలి లక్షణాల్లో అదొకటి. వణుకు లేదు గనక ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. మరి నాకో? ప్రతి శుక్రవారం ఫోన్లో ఆయన ముఖం చూస్తూనే ఉన్నాను. కూర్చోబెట్టి మాట్లాడానే గాని, నడక చూడలేదు. న్యూరాలజిస్టు చూసి నా అనుమానం నిజమేనన్నారు. మందులతో ఇప్పుడు చాలా నయం.

సూక్‌కి వెళ్ళి కొట్టువాడికి క్షమాపణ చెప్పుకున్నాను. అతను చాయ్ తెప్పించాడు.

ఎక్కడ కొనాలని మిత్రులు అడిగితే ఒకటే చెబుతున్నాను. డీలరుకిచ్చే ఆ పై డబ్బు వాచీ ఖరీదు కాదు, రేపు వెళ్ళి నిలదీసే హక్కు ఖరీదు. చవగ్గా కొన్నవాళ్ళు ఆ హక్కు వదులుకుంటున్నామని తెలిసి కొనాలి.

నాన్నగారు మళ్ళీ హెచ్.ఎం.టి. పెట్టుకుంటున్నారు. కీ తిప్పడం వేళ్ళకు మంచిదని నేనే చెప్పాను. స్విస్ వాచీ నా చేతికొచ్చింది. ఇక్కడి టైముకి మార్చలేదు. రెండున్నర గంటలు ముందున్న రాజమండ్రి టైమే చూపిస్తోంది.