ద్వారబంధం మీది కన్ను

ఇల్లు కట్టుకొన్ననాటి నుండి మానవునికి ద్వారం రెండు పనులు చేసిపెడుతున్నది. రావలసిన వారిని రానిచ్చుట ఒకటి, రాకూడని వారిని ఆపుట రెండవది. ఈ రెండింటి నడుమ ఉన్నది ఒక చిన్న ప్రశ్న: "ఎవరు?" మా నారాయణఖేడ్ కర్ణాటక సరిహద్దుకు దగ్గరి ఊరు కావడం చేత ఈ ప్రశ్న ఇక్కడ నాలుగు భాషలలో వినబడుతుంది. ఒక ఇంట "ఎవరు", ఒక ఇంట "కౌన్", కన్నడం వారింట "యారు", మరాఠీ వారింట "కోణ్". భాష ఏదైనా తలుపు వెనుక నిలిచినవారి సంశయం ఒక్కటే.

ఈ ప్రశ్న మా ఇంట్లో కొనుగోలు సమస్యగా మారింది. మా అమ్మీ డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పి కలది. నేను కళాశాలకు వెళ్ళిన తరువాత సాయంత్రం వరకు ఒంటరిగా ఉంటుంది. రియాద్‌లో ఉన్న తమ్ముడు ఫోను చేసి, "భాయిజాన్, వీడియో కాలింగ్ బెల్ ఒకటి పెట్టించండి. ఎవరు వచ్చారో నేనూ ఇక్కడినుండే చూస్తాను" అన్నాడు. ఆ విధంగా నేను ఈ యంత్రాలను గూర్చి తెలుసుకొనవలసి వచ్చింది.

దీనికి మూలం ఒక స్త్రీ భయంలో ఉన్నది. న్యూయార్కు నగరంలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నర్సు, వేళకాని వేళ ఇంట ఒంటరిగా ఉండవలసి రావడంతో, తన భర్తతో కలిసి తలుపుకు కెమెరా, పడకగదిలో తెర అమర్చు పద్ధతిని రూపొందించింది. 1966లో దరఖాస్తు చేయగా 1969లో పేటెంటు లభించింది. నేడు అంగళ్ళలో లభించే వాటిని స్థూలంగా మూడు రకాలుగా విభజించవచ్చు.

మొదటిది బ్యాటరీతో నడిచేది. గోడకు రెండు మరలు బిగిస్తే చాలు. ఇంటిలోని వైఫై ద్వారా చిత్రం ఫోనుకు చేరుతుంది. అయితే బ్యాటరీని పొదుపు చేయుటకై ఇది సాధారణంగా నిద్రలో ఉండి, మనిషి కదలిక తగిలినప్పుడే మేల్కొంటుంది. మేల్కొనేలోపు వచ్చినవాడు వెనుదిరిగి పోవచ్చు. జనసంచారం ఎక్కువగా ఉన్న గల్లీలో మాటిమాటికి మేల్కొని బ్యాటరీ త్వరగా ఖర్చవుతుంది. పడమటి ఎండ తగిలే గోడ దానికి మరీ చెరుపు.

రెండవది కరెంటు తీగతో నడుస్తూ, చిత్రాన్ని మాత్రం తీగ లేకుండా పంపేది. దీనికి నిద్ర అక్కరలేదు. అయితే అమెరికా ఇళ్ళలో గంటకు ట్రాన్స్‌ఫార్మరు ద్వారా 16 నుండి 24 వోల్టులు మాత్రమే వస్తుంది. మన ఇళ్ళలో చాలావరకు గంట మీటకు నేరుగా 230 వోల్టులు వస్తుంది. కనుక అక్కడి యంత్రాన్ని ఇక్కడ నేరుగా తగిలిస్తే ప్రమాదం. తగిన ట్రాన్స్‌ఫార్మరు, తెలిసిన ఎలక్ట్రీషియను అవసరం. కరెంటు పోతే ఇన్వర్టరు లేని ఇంట ఇది గుడ్డిది.

మూడవది ఇంటర్నెట్టుతో పనిలేనిది. తలుపు దగ్గరి కెమెరా, ఇంటిలోని చిన్న తెరకు రేడియో తరంగాల ద్వారా నేరుగా చిత్రాన్ని పంపుతుంది. నెలసరి చందా లేదు, ఫోను వాడకం తెలియనక్కరలేదు. మందపాటి రాతి గోడలు అడ్డు వస్తే మాత్రం తరంగం బలహీనమవుతుంది. దూరదేశంలో ఉన్నవారికి ఇందులో ఏమీ కనబడదు.

చూచిన దృశ్యం ఎక్కడ నిలువ ఉంటుందన్నది మరొక విచారణ. కొన్ని కంపెనీలు తమ సర్వర్లలో దాచి చందా తీసుకొంటాయి. కొన్ని యంత్రాలలో మెమరీ కార్డు ఉంటుంది. అది గంటలోనే ఉంటే దొంగ గంటతోపాటు సాక్ష్యాన్ని కూడా తీసికొని పోగలడు. సర్వరులో దాచినది మన ఒక్కరి కంటికే పరిమితమనుకొనుటకు కూడా వీలులేదు. ఉద్యోగులు వినియోగదారుల వీడియోలు చూచారన్న అభియోగంపై అమెరికాలో రింగ్ సంస్థ 2023లో 58 లక్షల డాలర్లు చెల్లించుటకు అంగీకరించింది. మన సుప్రీంకోర్టు 2017లో వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఆ హక్కు మన ఎదురింటివారికి కూడా ఉన్నది కదా! మా గల్లీ వెడల్పు ఎంత? మా తలుపు కెమెరా వారి పర్దా వరకు చూస్తుంది.

ఇవన్నీ వివరించగా అమ్మీ విని ఒకే మాట అడిగింది: "రియాద్‌లో వాడికి కనబడేది వచ్చిన మనిషా, నేనా?"

ఆ ప్రశ్నలోని బరువు నాకు వెంటనే తెలిసింది. సాయంకాలం మా అరుగు మీద ఇరుగుపొరుగు స్త్రీలు వచ్చి కూర్చుంటారు. కోడళ్ళ సంగతులు, అప్పుల సంగతులు, కంటతడి సంగతులు అక్కడే సాగుతాయి. ఈ గంటలు చూడడమే కాదు, వింటాయి కూడా. తలుపు మీద చెవి ఉన్నదని తెలిసిన నాడు ఆ స్త్రీలు రారు. దొంగ భయం పోగొట్టబోయి అమ్మీకి ఉన్న ఆ కాస్త తోడును పోగొట్టినవారమవుతాము.

ఇతరుల గడప ముందు సలాం చెప్పి అనుమతి అడగాలని, తలుపుకు ఎదురుగా గాక పక్కగా నిలబడాలని, మూడుమార్లు పిలిచినా పలుకు రాకపోతే వెనుదిరగాలని మా పెద్దలు నేర్పారు. లోపలివారి మీద చూపు పడకూడదన్నది అందులోని భావం. బయటివారిపై, ఎదురింటివారిపై మన చూపు ఎంతవరకు పడవచ్చునో కూడా ఆ మర్యాదలోనే ఉన్నదని నా నమ్మకం.

కనుక మూడవ రకాన్నే ఎన్నుకొన్నాము. గంట నొక్కినప్పుడే తెర వెలిగేటట్లు, కెమెరా మా మెట్ల వరకే చూచేటట్లు కిందికి వంచి బిగింపించాను. బిగించకముందే ఎదురింటివారిని పిలిచి తెర చూపించాను. తమ్ముడు మొదట నొచ్చుకొన్నాడు. ఇప్పుడు రోజూ మగ్రిబ్ తరువాత ఫోను చేసి, ఎవరెవరు వచ్చారో అమ్మీనే అడుగుతున్నాడు. ఆమె చెప్పదలచినంత చెబుతుంది.

ఇటువంటి యంత్రాన్ని కొనదలచిన విద్యార్థి మిత్రులకు నా సలహా ఒక్కటే. ధర అడగడానికి ముందు, ఇంటిలో పగలంతా ఉండేవారిని అడగండి. తలుపు తీసేది వారే.